ఉస్సుమన్న పెట్టె

ఏజెంట్ పిచ్చుకకి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: పాప ఏడుస్తుంటే పక్కన ఎవరూ లేకపోవడం.

తుపాకులంటే భయం లేదని కాదు. ఉంది. లిఫ్టులంటే ఉంది, వెనకాల ఒకే మనిషి రెండు వీధులు నడిచొస్తే ఉంది. కానీ అవన్నీ ఉద్యోగం తెచ్చిపెట్టిన భయాలు. జీతంతో పాటు వస్తాయి, ఇంటికి రాగానే చెప్పులతో పాటు గుమ్మం బయటే ఆగిపోతాయి. ఈ భయం మాత్రం పాపతో పాటే పుట్టింది. పాపకి ఇప్పుడిప్పుడే పాకడం వచ్చింది. భయానికి అప్పుడే పరుగులు వచ్చేశాయి.

ఆ ఉదయం ఆమె వర్క్‌షాప్‌లో థర్మోకోల్ స్తంభానికి రాతిరంగు వేస్తోంది. బయట బోర్డు మీద "నాటకాలకు, సినిమాలకు కావలసిన సామాను అద్దెకివ్వబడును" అని ఉంటుంది. అందులో అబద్ధమేం లేదు. కిరీటాలు, ఉత్తుత్తి కత్తులు, మోగని టెలిఫోన్లు అన్నీ దొరుకుతాయి. ఆ షాపు సీక్రెట్ సర్వీసు టెక్నికల్ సెక్షన్‌దన్న సంగతి మాత్రం ఇంట్లో అత్తయ్యకి కూడా తెలియదు.

గొడుగు చేత్తో పట్టుకుని ఒకాయన లోపలికి వచ్చాడు.

"హార్మోనియం పెట్టె ఒకటి కావాలి. తీగలు లేకుండా."

"హార్మోనియంకి తీగలుండవండీ."

"అయితే సరైన చోటికే వచ్చాను."

కోడ్ సరిపోయింది. పిచ్చుక కుంచె పక్కన పెట్టి తలుపు గడియ వేసింది.

"విగ్గు పక్కకి జరిగింది సార్."

చీఫ్ విగ్గు సర్దుకుని, జేబులోంచి ఒక ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు. ఆకుపచ్చటి ఎక్విప్‌మెంట్ కేసు. మేడ మీంచి పడేసినా పగలని గట్టి ప్లాస్టిక్ పెట్టె. మూత చుట్టూ రబ్బరు, ముందు రెండు క్లిప్పులు, పిడి పక్కన గాలి రాకపోకలకి గుండ్రటి మర.

"కొండ మీది కంట్రోల్ స్టేషన్ నుంచి ఒక యంత్రం పోయింది. ఇదిగో, ఈ పెట్టెలో ఉంది. ఎర్ర బటన్ నొక్కితే మన ఊరి పైనున్న రిజర్వాయర్ గేట్లన్నీ ఒక్కసారే లేస్తాయి. దాన్ని ఎత్తుకుపోయిన విదేశీ ముఠా రేపు మధ్యాహ్నం హోటల్లో అమ్ముతోంది. కొనేవాడు ఊరికే కొనడు. నొక్కి చూపించమంటున్నాడు."

పిచ్చుక ఇల్లు రిజర్వాయర్ గట్టు కింద మొదటి వీధిలోనే. కొంప మునగడం అనేది ఇన్నాళ్ళూ మాటవరసకి అనే మాటే అనుకుంది.

"లోపల మన మనిషి ఎవరు సార్?"

"నెమలి."

నెమలి డబుల్ ఏజెంట్. ముఠా దగ్గరా జీతం తీసుకుంటుంది, మన దగ్గరా తీసుకుంటుంది. ఏ జీతానికి నిజంగా పనిచేస్తుందో ఆఫీసులో ఎవర్నడిగినా పెదవి విరుస్తారు.

"పని తేలికే," అన్నాడు చీఫ్. కష్టమైన పని చెప్పేముందు ఆయన ఎప్పుడూ అదే అంటాడు. "ఇలాంటి పెట్టె, ఫొటో వెనక గీసి ఉన్నలాంటి యంత్రం, రెప్లికా తయారుచెయ్యి. నెమలి అసలుది తెస్తుంది. నువ్వు ఉత్తుత్తిది ఇస్తావు. అసలుదాంతో బయటికొచ్చేస్తావు."

"నేనా? పాపకి ఏడాది నిండేదాకా ఫీల్డ్‌కి రానని రాసిచ్చాను కదా సార్!"

"రాసిచ్చావమ్మా. కానీ నెమలి నువ్వయితేనే అంటోంది."

"నేనే ఎందుకట?"

"చెప్పలేదు."

పిచ్చుకని ఆ ఒక్క ముక్క మిగతా బ్రీఫింగ్ మొత్తం కంటే ఎక్కువ భయపెట్టింది.

"ఇప్పుడే వెళ్ళి అందర్నీ పట్టుకోవచ్చుగా సార్?"

"పట్టుకుంటే కొనేవాడు 'ఆ పెట్టె ఎవరిదో నాకేం తెలుసు' అంటాడు. మూత తెరిచి, చెయ్యి యంత్రం మీద ఉన్నప్పుడే పట్టుకోవాలి. పక్క గదిలో మనవాళ్ళుంటారు." చీఫ్ ఒక పిన్నీసు అందించాడు. "ఇది మైకు. 'టవల్స్ కావాలా సార్' అని నువ్వు అన్నావంటే తలుపులు బద్దలవుతాయి."

వెనకనున్న గోడౌన్‌లో ఒక పాత కెమెరా పెట్టె దొరికింది. అదే అచ్చు, అదే సైజు. రంగు మాత్రం నలుపు. ఆ ప్లాస్టిక్‌తో తంటా ఏమిటంటే దానిమీద రంగు నిలవదు. గోటితో గీకితే పొరలా లేచొస్తుంది. పిచ్చుక గరుకు కాగితంతో పెట్టె ఒళ్ళంతా రుద్దింది. మంటని ఇలా చూపించి అలా తీసింది. రంగు పట్టేలా ప్రైమరు కొట్టి, ఆపైన ఆకుపచ్చ వేసింది. కొత్తపెళ్ళికూతురిలా మెరిసిపోతున్న ఆ పెట్టెని చూసి నిట్టూర్చి, తాళంచెవుల గుత్తితో మూలల మీద కొట్టడం మొదలుపెట్టింది. ఫొటోలో ఎక్కడ గీత ఉంటే అక్కడ గీత, ఎక్కడ సొట్ట ఉంటే అక్కడ సొట్ట. ఇటుకరాయితో అడుగు గీకింది. గ్రీజు చేతులతో పిడి పట్టుకుని షాపంతా తిరిగింది. లోపల కెమెరా ఆకారంలో ఉన్న స్పాంజిని పీకేసి, కొత్త స్పాంజిని యంత్రం ఆకారంలో బ్లేడుతో కోసింది. బరువు సరిపోవాలని అడుగున సీసం ముక్కలు పేర్చింది.

యంత్రం కూడా కుదిరింది. పాత రేడియో ఒళ్ళు, పాడైపోయిన మీటర్లు. ఎర్ర బటనే ఎక్కడా దొరకలేదు. ఉన్నవన్నీ చిన్నవి. పెద్దది, గుండ్రటిది, నొక్కితే వెలిగేది ఈ భూమ్మీద ఒక్కచోటే ఉంది. పాప బాతుబొమ్మ పొట్ట మీద.

సాయంత్రం పెట్టె పట్టుకునే ఇంటికి వచ్చింది.

"ఏంటమ్మాయ్ అది?" అంది అత్తయ్య, పాపని భుజానేసుకుని జోకొడుతూ.

"నాటకం సామాను అత్తయ్యా. దొంగల సీను."

"దొంగలకింత మంచి పెట్టా? మనింట్లో బట్టలు సర్దుకోడానికి చిరగని సంచీ ఒక్కటి లేదు."

పాప నిద్రపోయాక పిచ్చుక మంచం పక్కన నేల మీద కూర్చుని బాతు పొట్ట విప్పింది. నొక్కితే ఎర్రగా వెలగాలి, కూత మాత్రం రాకూడదు. మూడు సన్నటి తీగలున్నాయి: వెలుగుకి, కూతకి, రెక్కలాడటానికి. కూతది ఇదే అయ్యుంటుందని ఒకటి కత్తిరించి, బటన్ మాత్రం పైకి కనిపించేలా బాతుని మొత్తంగా యంత్రం లోపల బిగించింది. నొక్కి చూద్దామని వేలు పెట్టింది కూడా. పాప నిద్రలోనే పెదవి విరిచి, మళ్ళీ సర్దుకుంది. పిచ్చుక వేలు వెనక్కి తీసుకుంది. పాపని లేపడం కంటే డ్యామ్ తెగడమే నయం అనిపించే ఘడియ అది. పిల్లల తల్లులకి వేరే చెప్పక్కర్లేదు.

మర్నాడు హోటల్లో ఆమె హౌస్‌కీపింగ్ మనిషి. బూడిదరంగు యూనిఫాం, లావు కళ్ళద్దాలు, గడ్డం మీద అంటించిన పుట్టుమచ్చ, తోసుకెళ్ళే బట్టల ట్రాలీ. ట్రాలీలో దుప్పట్ల కింద ఉత్తుత్తి పెట్టె, దాని పక్కన ఆమె చేతిసంచి. సంచిలో పాలు తీసే చేతిపంపు. పాపకి దూరంగా ఉంటే మధ్యాహ్నానికి ఒళ్ళు రాయిలా అయిపోతుంది మరి. దేశరక్షణకి ఆ సంగతి తెలియదు కదా.

దుప్పట్లు పేర్చే చిన్న గదిలోకి వెళ్ళి ఎదురుచూసింది. గుండె చప్పుడు పిన్నీసు మైకులో చీఫ్‌కి వినిపిస్తుందేమోనని భయమేసింది.

తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వాసన, తర్వాత నీలం సిల్కు, ఆ తర్వాత నెమలి. ఆమె చేతిలో ఆకుపచ్చ పెట్టె.

"ఇంజనీరు స్నానం చేస్తున్నాడు." ముఠా నాయకుణ్ణి అందరూ అలాగే పిలుస్తారు. "కాపలా ఉన్న మెడలేనివాణ్ణి సిగరెట్లకి పంపాను. విను."

గోడ అవతల నీళ్ళ చప్పుడు, దాంతో పాటు శ్రుతి లేని పాట.

"పాట ఆగిందంటే మన పని కూడా ఆగినట్టే. కానివ్వు పిచ్చుకమ్మా."

మార్చేముందు అసలు యంత్రం ఉందో లేదో చూడాలన్నది ఆర్డరు. పిచ్చుక అసలు పెట్టె క్లిప్పులు తీసి మూత ఎత్తబోయింది. రాలేదు. ఇద్దరూ కలిసి లాగారు. అతికించినట్టు ఉంది.

"ఇదేంటి? తాళం లేదే! కొండ మీద వాడు మూస్తుంటే నేను పక్కనే ఉన్నాను."

కొండ మీద.

పిచ్చుక పై ప్రాణాలు పైనే పోయాయి. కొండ మీద గాలి పలచన. అక్కడ బిగించిన పెట్టెలో ఆ పలచటి గాలే ఉండిపోతుంది. కిందికి దిగాక బయటి గాలి మూతని అదిమి పట్టేస్తుంది. మర తిప్పితే ఉస్సుమని గాలి లోపలికి పోవాలి, అప్పుడే మూత లేస్తుంది. ఆమె తయారుచేసిన పెట్టె మూసింది గట్టు కిందున్న ఇంట్లో. అది వేలితో ఎత్తినా లేచొస్తుంది.

"ఇంజనీరుకి తెలుసా ఇది? ఉస్సుమనాలని?"

నెమలి మొహంలో రంగు పోయింది. అంత అందమైన మొహం అంత త్వరగా మామూలు మొహం అయిపోవడం పిచ్చుక ఎప్పుడూ చూడలేదు.

"మూస్తూ అన్నాడు. 'కిందికెళ్ళాక ఉస్సుమంటే ఎవరూ ముట్టుకోలేదని అర్థం' అని. నేనేదో పాము సంగతి అనుకున్నా."

గోడవతల పాట రెండో చరణంలోకి వెళ్ళింది. అసలుదాన్ని తెరిచి చూసే వ్యవధి లేదు.

ఉత్తుత్తి పెట్టెలోంచి గాలి లాగెయ్యాలి. దేనితో? నోటితో అయ్యే పని కాదు. పిచ్చుక చుట్టూ చూసింది. దుప్పట్లు, సబ్బులు, చీపురు, తన చేతిసంచి. చటుక్కున సంచి తెరిచింది.

"అదేంటది?"

"పాలు తీసే పంపు."

"ఇప్పుడా?!"

"నాకు కాదు, పెట్టెకి!"

పిడి పక్కనున్న మర స్క్రూ విప్పి, ఆ కన్నం మీద పంపు గరాటాని అదిమిపెట్టింది. మెత్తటి అంచు ప్లాస్టిక్‌ని పట్టేసింది. చేత్తో నొక్కడం, వదలడం, నొక్కడం, వదలడం. పాప కోసం ఎన్నిసార్లు చేసిన పనో. ఆ చేతులకి లెక్క అక్కర్లేదు, ఎంత లాగిందో వాటికే తెలుస్తుంది. నెమలి పెట్టె కదలకుండా రెండు చేతులా పట్టుకుంది.

"నేనే కావాలని ఎందుకన్నారు?" పిచ్చుక గుసగుసగా అడిగింది. అడగకుండా చచ్చిపోవడం ఇష్టంలేదు.

"నువ్వు ఇంటికెళ్ళాలి కదా. అలాంటివాళ్ళు మధ్యలో అమ్ముడుపోరు." నెమలి పంపు వైపు చూసి అంది, "మీ పాప ఏడిస్తే ఎవరు చూస్తారు?"

"మా అత్తయ్య. చెవులు సరిగ్గా వినపడవు ఆవిడకి. అదే నా బెంగ."

"నేనేడిస్తే ఎవరూ చూడరు. ఎక్కడుంటానో చీఫ్‌కి కూడా తెలియకూడదు. హాయిగా ఏడవచ్చు."

జోకులాగే అంది. పిచ్చుకకి నవ్వు రాలేదు.

"ఇక చాలు. ఇప్పుడు వేలు." గరాటా తీసిన మరుక్షణం బొటనవేలు కన్నానికి అడ్డం పెట్టింది. వేలిని లోపలికి లాగుతోంది పెట్టె, ఆకలేసిన పసినోరులాగే. వేలు జరుపుతూనే స్క్రూ తిప్పేసింది. సన్నగా ఒక్క ఈల. నెమలి మూత పట్టుకుని లాగింది.

"రావట్లేదే! ఒసేయ్ పిచ్చుకా, రావట్లేదు!"

ఆ సంబరంలోనే పాట ఆగిపోయింది.

నీళ్ళ చప్పుడు ఆగింది. తలుపు గడియ తీసిన చప్పుడు. నెమలి బల్ల మీద పక్కపక్కనే ఉన్న రెండు పెట్టెల్లో ఒకటి లాక్కుని గాలిలా వెళ్ళిపోయింది. పిచ్చుక రెండోదాన్ని ట్రాలీలో పెట్టి, మాసిన దుప్పట్లు కప్పి, బయటికి తోసింది.

లిఫ్టు దగ్గర మెడలేనివాడు అప్పటికే వచ్చేశాడు. తల సూటిగా భుజాల మీద నాటినట్టుంటాడు. కోటు కింద తుపాకీ ఉబ్బు.

"ఎక్కడికి?"

"లాండ్రీకండీ."

"మీటింగ్ అయ్యేదాకా ఎవరూ కదలకూడదు. అక్కడే గోడకి నిలబడు."

ఇంజనీరు గది తలుపు పక్కనే నిలబెట్టాడు. ఎవరో వచ్చి లోపలికి వెళ్ళారు. ఖరీదైన బూట్లు, తలెత్తి చూసే ధైర్యం లేదు. కొనేవాడే అయ్యుంటాడు. తలుపు ఓరగా ఉండిపోయింది.

అప్పుడొచ్చింది ఆ ఆలోచన.

నెమలి తీసుకెళ్ళింది ఏ పెట్టె?

రెండూ ఆకుపచ్చే. రెండింటికీ అవే గీతలు, అవే సొట్టలు, అదే బరువు. ఇప్పుడు రెండింటికీ మూత రాదు. పంపు కొట్టింది కుడివైపు దానికా, ఎడమవైపు దానికా? మూత లాగేటప్పుడు నెమలి దాన్ని తిప్పింది కదా? తిప్పి ఎటు పెట్టింది? ఒక గుర్తు పెట్టుకోవాల్సింది. పెట్టుకోలేదు. తన పనితనమే తన కొంప ముంచేలా ఉంది. దుప్పటి సర్దుతున్నట్టు వంగి వాసన చూసింది. కొత్త రంగు వాసన వస్తుందేమోనని. సబ్బు వాసన తప్ప ఏమీ రాలేదు. మర తిప్పి చూద్దామంటే ఉస్సుమంటుంది, మెడలేనివాడు పక్కనే ఉన్నాడు.

లోపలున్నది అసలుదైతే? గట్టు కింద మొదటి వీధి. పాప ఈపాటికి బువ్వ తిని పడుకునుంటుంది. అత్తయ్యకి నీళ్ళ హోరు వినపడదు.

"చప్పుడు వినండి," అంటున్నాడు ఇంజనీరు లోపల. "ఇదే నా సీలు."

ఉస్స్...

మూత లేచింది. రెండు పెట్టెలూ అలాగే అంటాయి. ఏమీ తేలలేదు.

"బావుంది," అన్నాడు కొనేవాడు, యంత్రాన్ని తడిమి చూస్తూ. "ఇప్పుడు నొక్కి చూపించు. కిటికీలోంచి గేట్లు కనిపిస్తున్నాయి."

చెయ్యి యంత్రం మీదుంది. ఇదే అదను. కానీ మనవాళ్ళు తలుపు బద్దలుకొడితే ఇంజనీరు ముందు చేసే పని ఆ బటన్ నొక్కడమే. అరవకపోయినా నొక్కుతాడు. పిచ్చుక చెవుల్లో ఎక్కడో చాలా దూరంగా పాప ఏడుపు వినిపించింది. ఎవరూ లేచి వెళ్ళడం లేదు.

తనే వెళ్ళాలి. ఇక్కణ్ణించి కదిలితేనే వెళ్ళగలదు.

"టవల్స్ కావాలా సార్!!"

అరుపు మేడంతా మోగింది. అరుస్తూనే ట్రాలీని మెడలేనివాడి మోకాళ్ళకేసి కొట్టింది. వాడు దుప్పట్ల మీద బోర్లా పడ్డాడు. పక్క గది తలుపు పగిలింది. చీఫ్ మనుషులు బూట్లతో ఆమెని దాటుకుంటూ లోపలికి దూకారు. ఓరగా ఉన్న తలుపు పూర్తిగా తెరుచుకుంది. నెమలి ఇంజనీరు చెయ్యి పట్టుకుని వేలాడుతోంది. వాడు ఆమెని విదిలించి గోడకేసి కొట్టాడు.

"ఊరంతా చావండి!"

ఎర్ర బటన్ మీద పిడికిలితో గుద్దాడు.

ఎర్రగా వెలిగింది.

"క్వాక్," అంది యంత్రం.

గదిలో అందరూ బొమ్మల్లా నిలబడిపోయారు. ఇంజనీరు మళ్ళీ గుద్దాడు.

"క్వాక్. క్వాక్. క్వాక్."

పిచ్చుక కారిడార్‌లో నేలమీద కూలబడి ఏడ్చింది. నవ్వుతూ ఏడ్చింది, తర్వాత ఉత్తినే ఏడ్చింది. తప్పుడు తీగ కత్తిరించినందుకు జీవితంలో మొదటిసారి అంత ఆనందపడింది. కొనేవాడి చేతులకి బేడీలు వేస్తుంటే, వాడి కళ్ళు ఇంకా ఆ యంత్రం మీదే ఉన్నాయి.

ముఠాకి అనుమానం రాకూడదని నెమలికి కూడా బేడీలు వేశారు. పక్కనుంచి వెళ్తూ ఆమె ఆగింది. నుదురు చిట్లి రక్తం వస్తోంది.

"బాతా?"

"పాపదక్కా," అంది పిచ్చుక. ఆమెని అక్కా అనడం అదే మొదలు. అదే ఆఖరు కూడా.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి వీధి చివరికే పాప ఏడుపు వినిపించింది. పిచ్చుక పరుగెత్తింది. అత్తయ్య గుమ్మంలోనే ఉంది, పాపని ఎత్తుకుని.

"బాతు కోసం ఒకటే ఏడుపు! మధ్యాహ్నం నుంచి ఎత్తుకునే ఉన్నాను, చేతులు పడిపోయాయి. బాతేది అమ్మాయ్?"

"ఆఫీసువాళ్ళు ఉంచుకున్నారు అత్తయ్యా. సాక్ష్యం."

"ఏంటీ?"

"సామాను! నాటకం సామాను!"

పాపని ఒళ్ళోకి తీసుకుంది. ఏడుపు ఆగి, గుటకలు మొదలయ్యాయి. వినికిడి సరిగ్గా లేని ఆ ముసలి మనిషి ఏడుపుకి లేచి రాదేమోనని ఇన్నాళ్ళూ భయపడింది. ఆవిడ అసలు పాపని కింద దించితే కదా, లేచి రావడానికి.

వారం తర్వాత గొడుగు మనిషి వచ్చాడు. కొత్త బాతుబొమ్మ తెచ్చాడు. ఆఫీసు ఖర్చు.

"నెమలి ఎలా ఉంది సార్?"

"వదిలేశాం. కొత్త పేరు, కొత్త ఊరు. ఎక్కడో నాకూ తెలియదు. తెలియకూడదు."

"ఆమెకి ఎవరున్నారు?"

చీఫ్ విగ్గు సర్దుకున్నాడు. అది సరిగ్గానే ఉంది.

అందుకే ఈ కథ మీదాకా వచ్చింది. మీ వీధిలో ఈ మధ్య ఒంటరి ఆడమనిషి ఎవరైనా అద్దెకి దిగి ఉంటే, మనిషి అందంగా ఉండి, నుదుటి మీద మానిన గాటు ఉండి, ఎవరితోనూ కలవకుండా ఉంటే, ఒక్కసారి వెళ్ళి తలుపు తట్టండి. ఏం పేరు, ఏ ఊరు అని అడగొద్దు. తిన్నారా, ఒంట్లో బాగుందా అని అడిగి రండి, చాలు. తలుపు తియ్యకపోతే బయటినుంచి "క్వాక్" అనండి. తీస్తుంది.